కదిరమ్మత్త ఇంట్లో ఎండాకాలం

పొద్దున్నే బట్టలు ఆరేయడానికి మిద్దెక్కితే పక్కింటి పెరట్లోంచి సండిగలకు, అంటే వడియాలకు, పిండి ఉడుకుతున్న వాసన వచ్చింది. బియ్యప్పిండి గంజిలా కుతకుతలాడుతూ, దంచిన పచ్చిమిరపకాయల్నీ జీలకర్రనీ తనలో కలుపుకొని, ఇంగువ ఘాటుతో పైకి లేచే వాసన. హిందూపురంలో ఏప్రిల్ వచ్చిందంటే ఏ వీధిలో నడిచినా ముక్కుకు తగులుతుంది. కింద మా కోడలు ఫోనులో ఎవరితోనో గోడు చెప్పుకుంటోంది. పిల్లలకు సెలవులిచ్చారట, బయట ఎండ నిప్పులు చెరుగుతోందట, ఇన్ని రోజులు వీళ్ళను ఇంట్లో పెట్టుకుని ఏం చేయించాలో తోచడం లేదట. నేను తడిచీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కళ్ళ ముందు హిందూపురం లేదు. ధర్మవరంలో ఒక మిద్దె, దాని మీద పరిచిన పాత పంచె, ఆ పంచె చుట్టూ గొంతుక్కూచున్న ఎనిమిదిమంది పిల్లలు, మధ్యలో వేడి పిండి గిన్నెతో కదిరమ్మత్త. మా తమ్ముడు మల్లికి అప్పుడు ఆరేళ్ళు. చిల్లు పొట్లంలోంచి పిండిని పిండుతూ వంకరటింకరగా 'మ' అని రాసి, "ఇది నా సండిగ, దీన్ని ఎవరూ తినేకి లేదు" అని ప్రకటించాడు. ఆ 'మ' ఎండి, డబ్బాలోకి చేరి, మళ్ళీ ఉగాది దాకా ఎవరి నూనెలోనూ పడకుండా బతికింది. బడిలో ఏడాదంతా కొట్టినా రాని అక్షరాలు వాడికి ఆ మిద్దె మీద పది రోజుల్లో వచ్చాయి.

కదిరమ్మత్త నాకు చుట్టం కాదు. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేది. మాది నేతపని వాళ్ళ వీధి. ప్రతి ఇంటి నడవలోనూ నేలలో గుంట తవ్వి బిగించిన మగ్గం, దాని మీద పట్టు చీర, దాని ముందు గుంటలో కాళ్ళు పెట్టుకుని కూచున్న ఒక తండ్రి. పొద్దుటినుంచి దీపాలు పెట్టేదాకా వీధంతా ఒకే చప్పుడు. ఆ చప్పుడులోనే మేము పుట్టాం, నిద్రపోయాం, చదువుకున్నాం. అత్త భర్త సంజీవప్ప మామ వీధిలో మంచి పనివాడు. చీర అంచుల్లో ఆయన తీసే నెమళ్ళను చూడడానికి పక్క వీధుల వాళ్ళు వచ్చేవారు. వాళ్ళకు పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క కొడుకు సూరి. నాకంటే రెండేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా, చెవులు కొంచెం బయటికి పొడుచుకొచ్చి ఉండేవాడు. బడినుంచి రాగానే మామ పక్కన కూచుని కండెలకు దారం చుట్టేవాడు.

ఆమె గురించి చెప్పాలంటే సూరి పోయిన రోజు గురించి చెప్పక తప్పదు. యాభైల చివరి సంవత్సరాలవి. నాకు తొమ్మిదేళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో పెద్దవాళ్ళు అన్నాలు తిని కాస్త నడుం వాల్చగానే పిల్లలం చడీచప్పుడు లేకుండా ఊరు దాటేవాళ్ళం. బత్తలపల్లి దారిలో ఒక రైతు తోటలో పెద్ద బావి ఉండేది. ఒక పక్కన రాతి మెట్లు, ఇంకో పక్కన ఎద్దులతో నీళ్ళు తోడే కపిల. మాలో ఇద్దరికి మాత్రమే ఈత వచ్చు. మిగిలినవాళ్ళం నడుముకు బెండ్లు కట్టుకుని నేర్చుకునేవాళ్ళం. బెండ్లంటే నీళ్ళమీద తేలే తేలికైన ఎండుకట్టె ముక్కలు. అందరికీ కలిపి ఒక్క కట్టే ఉండేది. వంతుల ప్రకారం కట్టుకోవాలి.

ఆ రోజు వంతు నాది. కట్టుకున్నాను కానీ దిగడానికి భయమేసి మెట్టుమీద కూచుని కాళ్ళు ఆడిస్తున్నాను. సూరి నా పక్కకొచ్చి మెల్లగా అడిగాడు.

"నాకియ్యి రత్నా. ఒక్క తూరి."

ఇచ్చి ఉండవచ్చు. నేనెలాగూ దిగడం లేదు. కానీ చుట్టూ అందరూ ఉన్నారు, నా నోరు ఊరుకోలేదు. "నువ్వు నాకన్నా పెద్దోడివి. మొగోడివి. నీకు బెండ్లు యాటికప్పా?" అని గట్టిగా అన్నాను. అందరూ నవ్వారు. సూరి చెవులు ఎర్రబడ్డాయి. మెట్లెక్కి పైకి పోయి, బావి గట్టుమీద నిలబడి, ముక్కు మూసుకుని దూకేశాడు. వాడు నీళ్ళలో ఊపిరి బిగబట్టాడనుకుని మేము ఒకటీ రెండూ అని లెక్కపెట్టడం మొదలుపెట్టాం. పందెం చూస్తున్నట్టుగా అందరం కలిసి, చప్పట్లు కొడుతూ. ఎంతవరకు లెక్కపెట్టామో నాకు తెలుసు. ఆ అంకె ఇప్పటికీ ఎవరికీ చెప్పను. కపిల తోలే మనిషి మా కేకలు ఆగిపోవడం విని పరుగెత్తుకొచ్చి దూకాడు. సూరిని పైకి తెచ్చాడు కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

నేను బెండ్లు నడుముకు అలాగే ఉండగా ఇంటికి పరుగెత్తాను. మా అమ్మ ముడి విప్పి, నన్ను గుండెకు అదుముకుని, "నా బిడ్డ మిగిలింది" అని ఏడ్చింది. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. పిల్లవాడు కాలు జారాడని ఎవరో అన్నారు, అదే ఊరంతా అనుకున్నారు. జారలేదని తెలిసిన ఏడుగురం పిల్లలం ఎవరి ఇంట్లో వాళ్ళం నోరు మూసుకున్నాం. వాడు ఎంత మెల్లగా, బతిమాలుతూ బెండ్లు అడిగాడో నాకు తప్ప ఎవరికీ తెలియదు, నేను అన్న మాట మాత్రమే వాళ్ళకు వినిపించింది.

తరువాత దాదాపు ఏడాది కదిరమ్మత్త వీధిలోకి రాలేదు. పక్కన కండెలు చుట్టే పిల్లవాడు లేక మామ ఆ ఇంట్లో నేయలేకపోయాడు. మగ్గం విప్పి అటకమీద పెట్టించి, వేరే వాళ్ళ ఇంటికి పోయి నేసేవాడు. వీధంతా చప్పుడు, ఆ ఒక్క ఇంట్లో నిశ్శబ్దం. బడికి పోతూ నేను అటువైపు కాకుండా వెనక సందులోంచి చుట్టూ తిరిగి పోయేదాన్ని.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఈసారి వీధిలో ఏ తల్లీ పిల్లను గడప దాటనివ్వలేదు. తలుపులకు లోపలినుంచి గొళ్ళేలు, పక్కన కాపలాగా అవ్వలు. మగ్గం తప్ప ఇంకేమీ పట్టని ఇంట్లో ఇద్దరు పిల్లల్ని రోజంతా బంధిస్తే ఎలా ఉంటుంది! సెలవులిచ్చిన రెండో రోజే మల్లి గుడ్డ బంతి విసిరాడు. అది పోయి మగ్గం మీద పడింది, పెళ్ళిచీర పడుగులో ఇరవై ముప్పై పోగులు తెగిపోయాయి. మా నాయన మమ్మల్ని ఎన్నడూ కొట్టి ఎరగడు. ఆ రోజు గుంటలోంచి లేచి మల్లి చెంప ఛెళ్ళుమనిపించాడు. వాడు ఊపిరి తిరక్కుండా ఏడుస్తుండగా గడపలో నీడ పడింది. కదిరమ్మత్త. సగానికి సగం చిక్కిపోయింది. ముక్కుపుడక తప్ప ముఖంలో మెరిసేది ఏమీ లేదు.

"పిల్లోళ్ళని కొట్టొద్దన్నా," అంది. "మా ఇల్లు ఉత్తగా ఉండాది. పొద్దున సద్ది తాగినాంక నాకాడికి పంపు. ఎండ దిగేదాంక నేను సూసుకుంటా. వీధిలో అందరికీ చెప్పొస్తాండా."

ఆమె వెళ్ళగానే మా అవ్వ అందుకుంది. "బిడ్డను పోగొట్టుకున్నదాని కంట్లో మన బిడ్డల్ని పెడతామా? కడుపు మండి యేమనుకుంటాదో యేమో!"

మా నాయన తెగిన పోగులు అతికిస్తూ కూచున్నాడు. తరువాత అన్నాడు. "అమ్మా, ఆ తల్లి అంతట ఆ తల్లే వచ్చి అడిగితే కాదనేకి నాకు నోరు రాదు. పంపిద్దాం."

అవ్వ ఒప్పుకోకూడదని నేను మనసులో మొక్కుకుంటున్నాను. ఆ గడప తొక్కగానే నా ముఖం చూసి ఆమెకు అన్నీ తెలిసిపోతాయని నా భయం. కడుపునొప్పి అన్నాను. ఓమ నీళ్ళు తాగించి మరీ పంపారు.

నడవ పేడతో అలికి, చల్లగా ఉంది. మగ్గం లేని గుంట ఒక్కటే మధ్యలో ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. ఎనిమిదిమందిమి గోడకు ఆనుకుని వరసగా కూచున్నాం. చావు జరిగిన ఇంట్లో నవ్వకూడదని తల్లులు చెప్పి పంపారు. అత్త మమ్మల్ని ఒకసారి చూసి, తానూ ఎదురు గోడకు ఆనుకుని కూచుంది. "సరే, గమ్మునుండే ఆట ఆడదాం. ముందు ఎవరు నగితే వాళ్ళు ఓడినట్ల" అంది. కాసేపు అందరం బిగుసుకుని కూచున్నాం. మల్లి బుగ్గలు పొంగాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చివరికి ముక్కులోంచి విచిత్రమైన చప్పుడు వచ్చింది. అంతే, వరసంతా కూలిపోయింది.

అప్పుడు ఆమె బొగ్గుముక్క తీసుకుని గోడ దగ్గరికి పోయింది. ఆమెకు చదువు రాదు. కానీ మామ చీర అంచుల కోసం గళ్ళు గీసి బొమ్మలు వేయడం ఏళ్ళ తరబడి చూసింది. గోడ నిండా గళ్ళు గీసింది, సెలవులు ఎన్ని రోజులో అన్ని. "ఒక్కొక్కరు చెప్పండి. ఈ ఎండాకాలం మీకు యేం చెయ్యల్లనుండాది?" అని అడిగింది. మమ్మల్ని అంతవరకు ఎవరూ అలా అడగలేదు. నేర్చుకో, చుట్టు, తే, పో అనేవాళ్ళే. ఎదురింటి నాగమణి తోలుబొమ్మలాట చూడాలంది. ఒకడు లడ్డు చేయడం నేర్చుకోవాలన్నాడు. ఒకమ్మాయి ఏ పనీ లేకుండా ఒక రోజంతా పడుకోవాలంది. ఆమె ఏదీ కాదనలేదు. తోలుబొమ్మకు ఒక బొమ్మ, లడ్డుకు ఒక సున్న, నిద్రకు ఒక చాప గీసింది. మధ్య గళ్ళలో తనకు తోచినవి వేసింది. చింతగింజల ఆటలు, సండిగలు, పట్టు పీలికలతో బొమ్మలు కుట్టడం, గవ్వలతో బారాకట్ట. చివరగా నా వంతు వచ్చింది. నేను తల దించుకున్నాను.

"నీకేమీ లేదా రత్నా?"

లేదని తలూపాను. "సరేలే. నీ గడి అట్లనే పెడతా. నీకు తోచినప్పుడు చెప్పు," అని ఒక గడి ఖాళీగా వదిలేసింది.

ఆ రోజుల్లో నాకు బాగా గుర్తున్నది నాగమణి అడిగిన తోలుబొమ్మలాట. తోలు మాకు ఎక్కడ దొరుకుతుంది? అత్త పాత కాగితాలు నూనెలో తడిపి ఆరబెట్టింది. అవి అద్దంలా వెలుతురును తమలోంచి పోనిచ్చాయి. మామ దగ్గర మిగిలిన పట్టు రంగులతో వాటికి రంగులు వేశాం. చీపురు పుల్లలు కట్టాం. బొమ్మలాటకు చీకటి కావాలి కదా, పట్టపగలు చీకటి ఎక్కడిది? ఆమె తలుపులన్నీ మూసి, మిద్దెకున్న గవాక్షంలోంచి పడే ఒకే ఒక్క ఎండ పొడను చూపించింది. దానికింద అద్దం పెట్టి తిప్పితే ఆ వెలుతురు పోయి ఎదురుగా కట్టిన పంచె వెనక పడింది. సూర్యుణ్ణే దీపంగా పెట్టుకున్నాం! అయితే ఎండ జరిగేకొద్దీ అద్దాన్ని జరపాలి. ఆ పని నాకు అప్పగించింది. కథ కూడా మాదే. ఒక ఎలుక పెళ్ళిచీర జరీ అంచు తినేస్తుంది, దాని కడుపు బంగారంలా మెరవడం మొదలవుతుంది, ఇక అది ఏ చీకట్లోనూ దాక్కోలేక దొరికిపోతుంది. ఎలుకకు ఎవరు గొంతివ్వాలని గొడవపడుతుంటే, వెనకనుంచి సన్నటి కీచు గొంతు వినిపించింది. "అయ్యో, అయ్యో! నా కడుపు మెరుస్తాండాదే! యాడ దాంకునేది?" అన్నానికి వచ్చిన సంజీవప్ప మామ. ఏడాదిగా ఆయన గొంతు వీధిలో ఎవరూ సరిగ్గా వినలేదు. పిల్లలు పడిపడి నవ్వుతుంటే అత్త ఆయనవైపు చూసిన చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. నేను ఆ చూపునే చూస్తూ అద్దం జరపడం మరిచిపోయాను, ఎలుక చీకట్లో కలిసిపోయింది.

సంతోషించిన ప్రతిసారీ నాకు సూరి గుర్తొచ్చేవాడు. అత్త నాకే అద్దం ఇస్తుంది, నాకే ముందు బొరుగులు పెడుతుంది, పేలు చూస్తుంది, జడ వేస్తుంది. ఆమె వేళ్ళు నా తలలో కదులుతుంటే నేను దొంగతనంగా తింటున్నట్టు ఉండేది. నేను ఆటల మధ్యలో హఠాత్తుగా లేచి పెరట్లోకి పోవడం ఆమె చాలాసార్లు చూసే ఉంటుంది. ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు.

మే నెల సగం గడిచాక ఒక మధ్యాహ్నం మల్లి మగ్గం గుంట అంచున నిలబడ్డాడు. వాడికి ఏమీ తెలియదు, చిన్నవాడు. "ఇది బాయంట. నేను దూకుతాండా, మీరు లెక్కపెట్టండి!" అని ముక్కు మూసుకుని దూకాడు. మోకాలి లోతు గుంటే. కానీ నడవలో ఒక్కరూ లెక్కపెట్టలేదు. నా చెవుల్లో ఒకటీ రెండూ అని వినిపించడం మొదలైంది. గట్టిగా అరిచి, వాడి రెక్క పట్టి బయటికి లాగేసి, పెరట్లోకి పరుగెత్తాను. రంగులు కాచే పొయ్యి వెనక కూచుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాను.

కాసేపటికి అత్త వచ్చింది. పిల్లలకు ఏదో పని చెప్పి వచ్చినట్టుంది. నా పక్కనే నేలమీద కూచుని, చేతిలోని గుడ్డబొమ్మకు చెయ్యి కుట్టడం మొదలుపెట్టింది. సూది లోపలికి పోవడం, బయటికి రావడం, నేను అదే చూస్తున్నాను. ఒక చెయ్యి కుట్టడం అయిపోయింది, రెండో చెయ్యి అందుకుంది. అప్పుడు నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

"బెండ్లు నా కాడ ఉండె అత్తా. సూరి అడిగినాడు. నేనియ్యలేదు. మొగోడికి బెండ్లు యాటికని నగితి."

సూది ఆగిపోయింది. ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననే అనుకున్నాను.

"అడిగినాడా?" అంది.

"ఊ."

"అంటే బిడ్డకు బయముండె." ఆ మాట ఆమె నాతో అనలేదు. "బయమేసి అడిగినాడు." కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతుంటే చూస్తూ నేను బిక్కచచ్చిపోయి కూచున్నాను. తరువాత ముఖం తుడుచుకుని, నా గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది.

"నేనొకటి చెప్తా ఇను. ఈ వీధిలో ఎవరికీ తెలీదు. నేను పెనుకొండలో పుట్టినదాన్ని. మా ఇంటెనకే బాయి. నీ అంత ఉన్నప్పుడు నేను మునిగి అడుగున మట్టి తెచ్చేదాన్ని. ఈడికి కోడలుగా వచ్చినాక బాయి మొగం సూళ్ళేదు. కోడలు ఈత కొడితే నగుతారని. సూరిగాడు నాలుగేండ్లు అడిగినాడు, నేర్పుమ్మా, నేర్పుమ్మా అని. ఈ యేడు కాదు, వచ్చే యేడు అంటాంటి." ఆమె చేతిలోని బొమ్మను నేలమీద పెట్టింది. "నువ్వు ఒక్క దినం ఇయ్యలేదు రత్నా. నేను నాలుగేండ్లు ఇయ్యలేదు. నువ్వు చిన్నపిల్లవి. నేను తల్లిని."

నీ తప్పు లేదని ఆమె అనలేదు. అని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. నేను ఒక్కదాన్నే మోస్తున్న దాని పక్కన తనది తెచ్చి పెట్టింది, అంతే. నేను ఆమె ఒడిలో తలపెట్టి, సూరి పోయిన తరువాత మొదటిసారి ఏడ్చాను. లోపలికి వెళ్ళాక ఆమె నా గడి ముందు నిలబడి అడిగింది. "ఇప్పుడు చెప్పు. యేం గీయల్ల?"

"నాకు నీళ్ళంటే బయం అత్తా," అన్నాను.

ఆమె బొగ్గు తీసుకుని ఆ గడిలో అలలు గీసింది. చెయ్యి ఆగలేదు. దాని పక్క గడిలో, ఆ పక్క గడిలో, సెలవులు అయిపోయేదాకా మిగిలిన ప్రతి గడిలోనూ అలలు గీసుకుంటూ పోయింది.

ఆమె పిల్లలకు ఈత నేర్పబోతోందన్న మాట వీధిలో పొక్కగానే పెద్ద రచ్చ జరిగింది. ఆమెకు మతి చలించిందన్నారు. మా అవ్వ ఆమె ఇంటి ముందే నిలబడి, "నీ కొడుకును మింగిన బాయికి మా పిల్లోళ్ళని తోలుకపోతావా?" అనేసింది. అని, అన్న మాటకు తానే భయపడి చేత్తో నోరు మూసుకుంది. కదిరమ్మత్తకు కోపం రాలేదు.

"బాయికి తాళం ఎయ్యలేము కదవ్వా. ఈ యేడు ఇంట్లో పెట్టి గొళ్ళెం పెడతావు. వచ్చే యేడు? ఆ పై యేడు? పిల్లోళ్ళు నీళ్ళకాడికి పోకుండా ఉంటారా? పోయినప్పుడు నీ గొళ్ళెం ఎంట రాదు. ఈతైతే ఎంట పోతాది. నువ్వూ రా. గట్టుమీద కూచో."

మా నాయన మొదట ఒప్పుకున్నాడు. తరువాత నాగమణి నాయన. చివరికి ఆరుగురు పిల్లలం తేలాం. కాపలాగా అవ్వ కూడా కర్ర పట్టుకుని బయలుదేరింది.

ఎండ ముదరకముందే, తెల్లారుతుండగా పోయాం. సంజీవప్ప మామ ఒక గోతం భుజాన వేసుకుని ముందు నడిచాడు. బావి దగ్గర దించి విప్పితే అందులో బెండ్లు ఉన్నాయి. ఆరుగురికి ఆరు కట్టలు. నడుం ఒరుసుకోకుండా ప్రతిదానికీ మెత్తటి పట్టుతాడు పేని కట్టాడు. ఒక్కొక్కరి నడుముకూ తానే ముడివేసి, గుంజి చూసి, మళ్ళీ గుంజి చూసి, ఎద్దుల దారి పక్కకు పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

అత్త చీర కచ్చ పోసి మెట్లు దిగింది. నీళ్ళకు పైనున్న మెట్టు దగ్గర ఆగిపోయింది. ఎంతసేపు నిలబడిందో! ఆమె వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, కాసేపు వాటిని చూసి, ముఖానికి అద్దుకుంది. తరువాత నీళ్ళలోకి ఒరిగింది. ఆడమనిషి ఈత కొట్టడం మేమెవరం అంతవరకు చూడలేదు. చప్పుడే లేదు. బావి ఈ గోడనుంచి ఆ గోడకు పోయి, తిరిగి వచ్చి, "ఒక్కొక్కరే రాండి" అని చేతులు చాచింది.

పొట్టకింద చెయ్యి పెట్టి నేర్పేది. అరవలేదు, ముంచలేదు. అయిదు రోజులు నేను ఆమె మెడ వదలలేదు. ఆరో రోజు ఆమె నా బెండ్లు విప్పి మెట్టుమీద పెట్టింది. "నా చెయ్యి కిందనే ఉంటాది, కాళ్ళు కొట్టు" అంది. కళ్ళు మూసుకుని కాళ్ళు కొట్టాను. కొంతసేపటికి ఆమె గొంతు ఎక్కడో దూరంనుంచి వినిపించింది. "ఇడిసినా రత్నా. నువ్వే పోతాండావు." కళ్ళు తెరిచి చూస్తే ఆమె బావి అవతలి గోడ దగ్గర ఉంది. నా కింద నీళ్ళు తప్ప ఏమీ లేవు. గట్టుమీద మా అవ్వ కర్రతో నేలను కొడుతూ, "కొట్టే, కొట్టే నా తల్లీ, కాళ్ళు కొట్టే!" అని అరుస్తోంది.

తరువాత మూడేళ్ళు కదిరమ్మత్త ఇంట్లో ఎండాకాలం అలాగే జరిగింది. రెండో ఏడు పదిహేనుమంది, మూడో ఏడు నడవ చాలలేదు. ప్రతి ఏడూ సున్నం కొట్టిన గోడమీద కొత్త గళ్ళు, కొత్త కోరికలు, చివరి వరసల్లో మాత్రం ఎప్పుడూ అలలు. ఆ తరువాత మామకు చూపు తగ్గి సన్నపని చేయలేకపోయాడు. ఇద్దరూ ఆమె పుట్టిల్లు పెనుకొండకు వెళ్ళిపోయారు.

అరవైల చివర్లో నేను టీచరు ట్రైనింగు పూర్తిచేసి హిందూపురంలో ఉద్యోగంలో చేరాను. ధర్మవరం నుంచి వచ్చేటప్పుడు ఒకసారి పెనుకొండలో బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ ఆమె ఇల్లు చేరాను. తల నెరిసింది కానీ నడక అదే. మామ అరుగుమీద కూచుని, కళ్ళు సరిగ్గా ఆనకపోయినా, ఎవరి పిల్లకో నూలు దారంతో నిమ్మకాయంత బంతి చుట్టి ఇస్తున్నాడు. అత్త నాకు ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసి పెట్టి, ఎదురుగా కూచుని, నా బడి గురించి అన్నీ అడిగింది. ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని ఏం చేస్తున్నావని కూడా అడిగింది. ఎన్నో ఏళ్ళుగా నాలో ఉన్న ప్రశ్న అప్పుడు అడిగాను.

"అత్తా, మేమందరం బతికుండి నీ ఇంట్లో ఆడుకుంటాంటే నీకు కడుపు మండలేదా? మా అవ్వ అదే అంటాండె."

ఆమె నవ్వింది. "మీ అవ్వ అబద్ధం చెప్పలేదు. మండింది. మొదటి దినం మీరు నగితిరి సూడు, అందరూ ఒకేసారి. మీరు పోయినాంక తలుపేసుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడిస్తి. ఇంగ రేపటినుంచి రావొద్దని చెప్పిపంపల్లనుకుంటి. మీ మామను పంపేకి కూడా సిద్ధమైతి."

"మరి యాల పంపలేదు?"

"తెల్లారింది కదా. మళ్ళా మీరొస్తారని నడవ ఊడ్చల్ల. ఊడ్చి తలుపు తీసి నిలబడితి. మల్లిగాడు ముందొచ్చినాడు, సద్ది మూతి కూడా కడుక్కోకుండా." అని, ఇంకో ఓళిగ నా ఆకులో వేసి, నెయ్యి పోసింది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఆటల మధ్యలోంచి లేచి ఒంటరిగా పోయి కూచునే పిల్లల్ని చూస్తే ఏమైందని అడగకుండా, ఏదో ఒక చేతిపని పట్టుకుని పక్కన కూచోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కొందరు చెప్పారు, కొందరు చెప్పలేదు. నా భర్త చనిపోయిన ఏడాది ఎండాకాలం సెలవులు వచ్చేసరికి నాకు మా నడవలో ఆడుకోవడానికి వచ్చే పిల్లల ముఖం కూడా చూడాలనిపించలేదు. వీధిలో పిల్లల అరుపులు వింటే ఒళ్ళు మండేది. మొదటి రోజు తలుపు వేసుకుని సాయంత్రందాకా ఏడ్చాను. రెండో రోజు పొద్దున్నే లేచి, నడవ ఊడ్చి, తలుపు తీసి నిలబడ్డాను.